నీళ్లలో నిలబడ్డ కమిటీ

మా అత్త కమిటీ మెంబరైన రోజు మా మామ అన్నం ముట్టలేదు. కోపంతో కాదు. చెల్లని పని ఒకటి తన ఇంట్లోనే, తన నోటితోనే జరిగిపోయిందని ఆయన దిగులు. అత్త మాత్రం ఆ పూట జొన్నరొట్టె ఒకటి ఎక్కువే తిని, చేయి కడుక్కుని, "ఇగ మీటింగు ఎప్పుడు?" అని అడిగింది.

ఇది ఇబ్రహీంపట్నంలో, పోలీసు చర్య జరిగిన ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో సంగతి. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మహేశ్వరం నుంచి కోడలిగా వచ్చి మూడేళ్లయింది. చంకలో ఏడు నెలల కూతురు. పెద్ద చెరువు కట్ట కింద మాది చేపలు పట్టేవాళ్ల వాడ, అరవై గడపలు. ఆ అరవై గడపలకూ కలిపి ఒక సహకార సంఘం ఉండేది, సర్కారు కాగితాల్లో దాని పేరు అంజుమన్. ఏ రోజు పెద్ద వల వేయాలి, ఎవరి వంతు ఎక్కడ, తెప్పలు ఎవరు బాగు చేయాలి, పట్టిన చేప ఎవరికి పోవాలి, ఇవన్నీ ఐదుగురు మనుషుల కమిటీ కూర్చుని తేల్చేది. తేల్చినదాన్ని మున్షీ గారు సర్కారు ముద్ర ఉన్న పుస్తకంలో ఉర్దూలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. మా మామ ఆ కమిటీకి ఉపాధ్యక్షుడు. చదువు రాదు కానీ పుస్తకంలోని నిబంధనలన్నీ మున్షీ చేత చదివించుకుని కంఠతా పట్టాడు. ఇంట్లో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అనే విషయం కూడా నిబంధన ప్రకారం తేల్చే మనిషి.

ఆ చలికాలం పోయేసరికి ఐదుగురిలో ఇద్దరే మిగిలారు. అధ్యక్షుణ్ణి పోలీసులు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. గుట్టల వైపు నుంచి వచ్చిన నలుగురు మనుషులకు ఆయన తన ఇంట్లో ఇంత అన్నం పెట్టించాడు, అంతే. ఇంకొకాయన పెళ్లాంబిడ్డలతో సరిహద్దు దాటి బెజవాడ వైపు వెళ్లిపోయాడు. మూడో ఆయన ఎక్కడున్నాడో ఆ ఇంటివాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. మిగిలింది మా మామ, చెవులు సరిగ్గా వినపడని ఒక తాత. ముగ్గురు లేకుండా ఏ తీర్మానమూ చెల్లదని నిబంధన. ఇద్దరు కూర్చుని మూడోవాణ్ణి తీసుకోవాలంటే, ఆ తీసుకోవడం కూడా ఒక తీర్మానమే కదా, దానికి ముగ్గురు కావాలి కదా అని మా మామ వారం రోజులు వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

చివరికి మున్షీ గారే దారి చెప్పాడు. ఆయన కూడా వెళ్లిపోయేవాడే. పట్నంలో కూతురు ఒంటరిగా ఉంది, రోజులు బాగాలేవు, రేపు పొద్దున బండెక్కుతానని చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. మామ అడిగిందంతా విని, పుస్తకం అటూ ఇటూ తిరగేసి, మూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"కాయిదంల ఇది లేదు. ఇసువంటి దినాలు వస్తయని రాసినోళ్లకు ఎరుక లేకుండె. మీకు తోచింది చేయుండ్రి. కానీ చేసింది చేసినట్టు రాయుండ్రి. మంచి దినాలు వచ్చినంక అందరి ముంగట చదువుండ్రి. వాళ్లు వద్దంటే వద్దు, అవ్ అంటే అవ్."

మామ ఆ మాట పట్టుకుని వాడలోకి వెళ్లాడు. మూడో మనిషి కోసం ఏడుగురిని అడిగాడు. ఒకాయనకు ఆ పూటే నడుం పట్టేసింది. ఒకాయన పెద్దకొడుకుని అడిగి చెప్తానన్నాడు, ఆ పెద్దకొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. వాళ్ల భయం అబద్ధం కాదు. పుస్తకంలో పేరు ఎక్కితే ఆ పేరు ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు. మామ ఉత్త చేతులతో తిరిగి వచ్చి మున్షీ పక్కన కూలబడ్డాడు.

అప్పుడే అత్త చేపలమ్మి గంప చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. విషయం విన్నది. గంప దించింది.

"నా పేరు రాయుండ్రి."

"ఆడోళ్ల పేరు ఎట్ల రాస్తరు?" అన్నాడు మామ.

"ఆడోళ్లు వద్దని గా పుస్తకంల ఉన్నదా?"

మున్షీ గారు మళ్లీ పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి వెతికాడు. ఉన్నదనే అనుకుని వెతికినట్టున్నాడు. లేదని తేలాక నవ్వు ఆపుకోలేక గడ్డం చాటున దాచుకున్నాడు. సంఘంలో సభ్యురాలే కాని మనిషి కమిటీలో ఎలా కూర్చుంటుందని మామ చివరి ప్రయత్నం చేశాడు. ఆ సంగతి కూడా రాసి పెట్టుకోమన్నాడు మున్షీ. చెవిటి తాతకు గట్టిగా అరిచి చెబితే, "నా కంటె ఆమెకే చేప ఎక్కువ ఎరుక" అని ఒప్పుకున్నాడు. అలా అయిపోయింది. మున్షీ గారు వెళ్తూ వెళ్తూ పుస్తకాన్ని నా ఒళ్లో పెట్టాడు. మా నాన్న నాకు చిన్నప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి పలకా బలపం ఇచ్చి తెలుగు నేర్పాడు. వాడలో ఎవరికి ఉత్తరం వచ్చినా నేనే చదివేదాన్ని. మున్షీ రాసిన చివరి ఉర్దూ వాక్యం కింద ఒక గీత గీసి, ఆ కింది నుంచి నేను తెలుగులో మొదలుపెట్టాను.

నేను రాసిన మొదటి తీర్మానం ఒక మాట గురించి. వాడలో అందరూ మా సహకార సంఘాన్ని "సంగం" అనేవాళ్లు. కానీ ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లల్లో సంగం అంటే అర్థం ఒక్కటే. దొరల మీదా సర్కారు మీదా తిరగబడి, తుపాకులు పట్టి గుట్టల్లో తిరిగే మనుషులు. ఆ మాట నోట్లోంచి జారితే చాలు, కొట్టి ఈడ్చుకుపోయేవాళ్లు. "ఇయ్యాల్టి సంది గా మాట బంద్. 'వల' అనాలె" అంది అత్త. మామకు అభ్యంతరం కనిపించలేదు. తాతకు మాత్రం ఎంత అరిచినా సగమే ఎక్కింది. మర్నాటి నుంచి వాడలో అందరూ "వల ఏమన్నది?", "వల ఒప్పుకుంటదా?" అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బయటివాళ్లు వింటే మాకు మతి పోయిందనుకోవాలి.

తర్వాత నలుగురికి మించి ఒకచోట చేరకూడదని దండోరా వేశారు. కమిటీ ముగ్గురూ కూర్చోవచ్చు. కానీ పెద్ద విషయం ఏదైనా అందరినీ అడిగే చేయాలని నిబంధన, అందరినీ పిలిచే దారి లేదు. మామ మళ్లీ వసారాలో నడక మొదలుపెట్టాడు. అది చూసి చూసి, ఎప్పుడూ నోరు విప్పని మా ఆయన ఒక రోజు రొట్టె తింటూ తింటూ అన్నాడు. "బాపూ, పెద్ద వల లాగేటప్పుడు నలభై మందిమి ఒక్క తాననే ఉంటం గదా."

మామ నడక ఆగింది.

అలా మా కమిటీ చెరువులోకి దిగింది. ఎండాకాలం కాబట్టి నీళ్లు వెనక్కి తగ్గి, నడుం లోతులో పెద్ద వల వేయడానికి వీలుగా ఉండేది. పొద్దు పొడిచాక నలభై మంది వల పైతాడు పట్టుకుని, చంద్రవంకలా వంపు తిరిగి, మెల్లగా ఒడ్డు వైపు నడిచేవాళ్లు. మధ్యలో మామ. ఆయన ఒక మాట అంటే పక్కవాడు తన పక్కవాడికి చెప్పేవాడు, అలా రెండు కొసలకూ పోయేది. కట్ట మీద నిలబడి చూసేవాళ్లకు మనుషులు వల లాగుతున్నట్టే ఉండేది, నిజానికి లాగుతూనే ఉండేవాళ్లు. అత్త, నేను, ఇంకొందరు ఆడవాళ్లం గంపలతో ఒడ్డున మోకాలి లోతులో నిలబడేవాళ్లం. నేను విన్నది విన్నట్టు గుర్తు పెట్టుకుని ఇంటికి వెళ్లి రాసేదాన్ని.

తాత ఎప్పుడూ కుడి కొసన. మాట ఆయన దగ్గరికి వెళ్లేసరికి ఎన్ని నోళ్లు మారేదో, ఆయన చెవిలో ఏం పడేదో దేవుడికి ఎరుక. ఒకసారి తెప్పలకు కొత్త తాళ్లు కట్టాలన్న మాట ఆయన దగ్గరికి చేరేసరికి తాతకు కొత్త పెళ్లి కట్టాలని అయింది. ఆయన వల వదిలేసి మధ్యదాకా నడిచి వచ్చి, నీళ్లలో నిలబడి, ఈ వయసులో తనకు పెళ్లి వద్దని మామకు వివరంగా చెప్పాడు. నలభై మంది నవ్వితే నీళ్లు ఊగాయి.

మొదటి పెద్ద విషయం దారి గురించి వచ్చింది. మన్నెగూడ దగ్గర దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు. పట్నం నుంచి చేపల కోసం వచ్చే బేరగాళ్ల బండ్లు ఆగిపోయాయి. ఇక్కడ చూస్తే నీళ్లు తగ్గి చేప విపరీతంగా పడుతోంది. అటు ఊళ్లో కొట్లు మూతపడి, రైతుల ఇళ్లలోనూ కూలివాళ్ల ఇళ్లలోనూ కూరకు ఏమీ లేదు. పట్టిన చేప సంఘం ద్వారా బేరగాళ్లకే పోవాలని నిబంధన. మామ ఆ మాటే అన్నాడు, బేరగాళ్లు వచ్చేదాకా వల ఆపుదామని. ఒడ్డు నుంచి అత్త గట్టిగానే అంది.

"నీళ్లు ఇంక తగ్గితే చేప దానంతట అదే చస్తది. ఊళ్లె ప్రతి పొయ్యికి ఇంత పంచుదం. మనోళ్లా కాదా అని చూడొద్దు."

"నిబంధన..." అన్నాడు మామ.

"నేను కమిటీనే. అడుగు అందరిని."

భర్త మాటకు భార్య ఎదురు నిలబడింది, నలభై మంది ముందు, నీళ్లలో. మామ, అడగకపోవడం నిబంధనకు విరుద్ధమని తేల్చుకున్నట్టున్నాడు. ఒప్పుకున్నవాళ్లు తాడు పైకెత్తమని చెప్పమన్నాడు. మాట రెండు వైపులా వెళ్లింది. ఒక్కసారిగా నలభై జతల చేతులూ తాడును తల పైకి లేపాయి. తాడుతో పాటు వలా లేచింది. వల అడుగు నేల విడిచింది. చుట్టూ చేరిన చేపంతా, కొర్రమట్టలూ వాలుగలూ జెల్లలూ, అందరి కాళ్ల మధ్య నుంచి బాణాల్లా చెరువు లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన కాలికి తగిలిన కొర్రమట్ట ఆయన్ను వెల్లకిలా పడేసింది. ఆ పూట ఊరికి పంచడానికి మా గంపల్లో మిగిలింది గుప్పెడు పరక చేపలు. తీర్మానం మాత్రం ఏకగ్రీవం అని రాశాను. రాస్తూ నవ్వు ఆగక కలం సిరా పుస్తకం మీద చిమ్మింది, ఆ మరక ఆ పేజీ మీద అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి ఓటు పద్ధతి మారింది. ఒప్పుకోనివాళ్లు తల రుమాలు తీయాలి. తాడు ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ నెల రోజుల సంతోషం నేను చెప్పలేను. గంపలు నెత్తిన పెట్టుకుని ఎన్నడూ తొక్కని గడపలు తొక్కాం. చేప తీసుకున్న ఇల్లాలు ఊరికే పంపేది కాదు. ఒకరు చింతపండు, ఒకరు పచ్చిమిరపకాయలు, ఒకరు దోసకాయ, ఏమీ లేనివాళ్లు నా కూతుర్ని ఎత్తుకుని ఇంత ముద్దు. ఎవరు ఏమిచ్చారో రాయొద్దని అత్త నాకు ముందే చెప్పింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఊరంతా ఒకేసారి చేపల పులుసు వాసన వచ్చేది. పాలిచ్చే తల్లులకు కొర్రమట్ట తప్పకుండా వేయాలని ఒక తీర్మానం అయింది. అత్త ప్రతిపాదించింది, మామ బలపరిచాడు. వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. పాలిచ్చే తల్లిని నేనూ కాబట్టి నా చేత్తో అది రాసుకోవడానికి సిగ్గేసింది.

అన్నీ నవ్వుకునే రోజులే కావు. ఒక ఉదయం వల లాగి ఒడ్డుకు చేరేసరికి పోలీసు అమీను, వెంట తుపాకులు పట్టుకున్న నలుగురు కట్ట దిగి వచ్చారు. ఈ వాడలో సంగం ఉందని ఎవరో చెప్పారట, అందులో ఎవరెవరున్నారో చెప్పమన్నాడు. నీళ్లు కారుతున్న నలభై మందీ నిలబడిపోయారు. అప్పుడు తాత, అమీను నోటి కదలికలోంచి ఒక్క మాట పట్టుకుని, రొమ్ము విరుచుకుని ముందుకు వచ్చాడు.

"సంగమా? నేనే. ఇరువై ఏండ్ల సంది."

తుపాకులు లేచాయి. అత్త గంప తీసుకుని తాతకూ తుపాకులకూ మధ్య నిలబడి, ముసలాయనకు చెవులు లేవు, ఇది చేపలోళ్ల అంజుమన్, సర్కారే పెట్టింది, ముద్ర ఉన్న పుస్తకం ఉందని చెప్పింది. నన్ను పుస్తకం తెమ్మంది.

పరుగున వెళ్లి తెచ్చాను. అమీను ముందు పేజీలు తిప్పాడు. మున్షీ గారి ఉర్దూ, సర్కారు ముద్ర చూసి ఆయన ముఖం కొంచెం మెత్తబడింది. చదువుతూ చదువుతూ రాత ఎంత బాగుందో అని తలాడించాడు కూడా. తర్వాత నా తెలుగు మొదలైంది. అది ఆయనకు రాదు. చదవమన్నాడు.

ఆ పేజీలో ఉన్నది జైల్లో ఉన్న అధ్యక్షుడి ఇంటికి ప్రతి వలలోనూ మొదటి వాటా పంపాలన్న తీర్మానం. నేను పుస్తకం పట్టుకుని, కొర్రమట్ట, వాలుగ, జెల్ల, పరక అని నాకు తెలిసిన చేపల పేర్లన్నీ చదివాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాను. మా మామ ముఖం చూడాల్సింది. ఆయన ప్రాణంగా చూసుకునే పుస్తకంలో లేనిది ఉన్నట్టు చదువుతోంది కోడలు. అయినా తల వంచుకుని, ప్రతి చేప పేరుకూ అవునన్నట్టు ఊపాడు. అమీను విసుగు పుట్టి చాలన్నాడు. అత్త రెండు కొర్రమట్టలు ఆకులో చుట్టి ఇచ్చింది. వాళ్లు కట్ట ఎక్కి కనపడకుండా పోయేదాకా ఎవరం కదల్లేదు. ఆ తర్వాత మామ నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఇంటికి పోయినంక గిది గూడ రాయి. లేనిది చదివినవని" అన్నాడు. రాశాను.

వానలు పడ్డాయి. చెరువు నిండటం మొదలైంది. భాద్రపదంలో ఒక రోజు ఆకాశంలో విమానాలు తిరిగాయి, దూరంగా రోడ్డు మీద లారీల మోత. నాలుగైదు రోజులు ఎవరం గడప దాటలేదు. ఒక మధ్యాహ్నం పట్నం దారిలో రేడియో విన్న మనిషి ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి, అయిపోయింది, సర్కారు లొంగిపోయింది, భారత సైన్యం వచ్చేసిందని అరిచాడు. సరిగ్గా అదే రోజు చెరువు అలుగు దూకుతోంది. వాడంతా బయటికి వచ్చి అలుగు వైపు పరిగెత్తింది. చేపలు నీటికి ఎదురు ఎక్కి గాలిలోకి ఎగురుతున్నాయి. మామ పరిగెత్తుతూనే, అలుగు దగ్గర కమిటీ అనుమతి లేకుండా చేప పట్టకూడదు కదా అన్నాడు. "నువ్వున్నవ్, నేనున్న, తాత ముంగటనే ఉరుకుతున్నడు. ముగ్గురం. చేసెయ్ తీర్మానం" అంది అత్త. ఉరుకుతూనే చేశారు. పట్టినవాళ్లకు పట్టినంత. చీర కొంగులతో, రుమాళ్లతో, చేతులతో పట్టాం. రైతులు, కూలివాళ్లు, ఊళ్లోని అన్ని వాడల వాళ్లూ మాతోపాటు తడిశారు. నా కూతురు మొదటిసారి నిలబడింది ఆ అలుగు నీళ్లలోనే, నా వేలు పట్టుకుని.

కొన్నాళ్లకు, మేము కట్ట మీద తడి వల ఆరేస్తుండగా, మున్షీ గారు వచ్చాడు. వెంట కూతురు. మనిషి సగం అయిపోయాడు. దూరంగా ఆగిపోయాడు, దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు. ఆ రోజుల్లో పాత సర్కారు మీది కోపంతో చాలా చోట్ల ముసల్మానులకు ఏం జరుగుతోందో మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మా వాళ్లలో ఒకరిద్దరు, ఇంక ఆ ఉర్దూ రాతతో పనేముంది, ఆయన పట్నంలోనే ఉండాల్సింది అని గొణిగారు. అత్త వాళ్ల వైపు తిరిగింది. కానీ ఆమె కంటే ముందు మామ మాట్లాడాడు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"మున్షీని తీసెయ్యాలంటే అందరు కూసొని తీసెయ్యాలె. అట్ల పుస్తకంల ఉన్నది. ఎవరన్న అడిగిండ్రా? అడగలే. గందుకని ఆయనే మన మున్షీ." తర్వాత కట్ట మీద మున్షీ ఉన్నవైపు తిరిగి, మామూలు గొంతుతో, "మున్షీ సాబ్, ఈ కొస జర పట్టుకోండ్రి, వల ముడుచుకపోతున్నది" అన్నాడు.

మున్షీ గారు వచ్చి కొస పట్టుకున్నాడు. నిబంధనల మనిషి అని మేము ఇన్నాళ్లూ వెనకాల నవ్విన మామను నేను ఆ రోజు కొత్తగా చూశాను. ఆ నిబంధనే ఒక మనిషికి గోడలా నిలబడింది. అత్త మున్షీ కూతుర్ని తన వెంట ఇంటికి తీసుకువెళ్లి అన్నం పెట్టింది. వాళ్లు ఆ దసరా దాకా మా ఇంట్లోనే ఉన్నారు.

అధ్యక్షుడు జైలు నుంచి వచ్చాక సర్వసభ్య సమావేశం పెట్టారు. ఈసారి నేల మీద, చెట్టు నీడన, అరవై గడపల వాళ్లూ దర్జాగా కూర్చుని. మంచి రోజులు వచ్చాక అందరి ముందు చదవాలన్న మాట మామ మరవలేదు. ప్రతి తీర్మానం నేను చదవడం, దాని మీద చేతులెత్తడం. పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. అధ్యక్షుడి ఇంటికి మొదటి వాటా అన్నది చదివినప్పుడు ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లేనిది చదివానని నేను రాసిన సంగతికి అందరికంటే ఎక్కువ చేతులు లేచాయి. ఊరికంతా చేప పంచడం కరువు రోజులకు మాత్రమే ఉంచారు, అత్త దాన్ని గట్టిగా ఎదిరించి ఓడిపోయింది. సంగం అనే మాట మళ్లీ వాడుకోవచ్చన్నారు.

చివరగా మామ లేచి, ఆపద రోజులు అయిపోయాయి కాబట్టి ఆ రోజుల కోసం తీసుకున్న మెంబరు పదవి కూడా అయిపోయిందని చెప్పాడు. అత్త లేచి, మారుమాట లేకుండా కమిటీ వరస నుంచి ఆడవాళ్ల వైపు వచ్చి కూర్చుంది. అధికారం అంత తేలిగ్గా వదిలిన మనిషిని నేను తర్వాత చాలా ఏళ్లు చూడలేదు. అప్పుడు తాత లేచి, కొత్త ఎన్నికకు ఆమె పేరే చెబుతున్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. మామ మళ్లీ లేచాడు. సభ్యత్వం కావాలంటే సొంత పేరున వల గానీ తెప్ప గానీ ఉండాలి, ఈమెకు లేదు అన్నాడు. అందరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. అత్త మాత్రం, "ఆయన చెప్పింది నిజమే" అంది.

ఆ చలికాలమంతా అత్త వాకిట్లో కూర్చుని వల అల్లింది. చేపలమ్మి వచ్చి, గంప కడిగి, ఎండలో కూర్చునేది. దారం ఎవరూ ఇవ్వకూడదు, ముడి ఎవరూ వేయకూడదు, అంతా తనదే అయి ఉండాలని ఆమె పంతం. వీధిలో పోయే ఆడవాళ్లు ఆగి, ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు. మున్షీ కూతురు పక్కన కూర్చుని పట్నం కబుర్లు చెప్పేది. మామ చుట్ట కాలుస్తూ, వల కన్ను ఎంత ఉండాలో, ఎంత బిగించాలో నోటితో చెప్పేవాడు. ముడి వేయకూడదు కానీ సలహా చెప్పకూడదని ఎక్కడా లేదని ఆయన వాదన. ఆమె విననట్టే ఉండి అలాగే చేసేది.

ఎండలు వచ్చేసరికి వల పూర్తయింది. చిన్నదే, విసురు వల. కట్ట మీదికి తీసుకువెళ్లి, చీర మోకాళ్ల పైకి దోపుకుని, ఒక్క విసురు విసిరింది. గుండ్రంగా పరుచుకుని పడింది. మగవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. మున్షీ గారు పుస్తకంలో ఉర్దూలో ఒక వాక్యం, దాని కింద నేను తెలుగులో అదే వాక్యం రాశాం: వల చూశాం, సొంతమే, సభ్యత్వం ఇవ్వాలి. ఆ ఏటి ఎన్నికలో ఆమె పేరు ప్రతిపాదించింది తాత, బలపరిచింది మామ. పద్నాలుగేళ్లు ఆమె ఆ కమిటీలో కూర్చుంది. ఆ పద్నాలుగేళ్లలో ఆమె మామతో ఏకీభవించిన సందర్భాలు నా చేతిరాతలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.